నలుగురిలో బీడీ అడిగాను

మేడ్చల్‌లో కాపురం పెట్టిన కొత్తలో మా ఆయన సిగరెట్లు కాల్చేవారు. బీడీలు చుట్టే ఇంట్లో పుట్టిన నాకు బీడీ అలవాటు. నాకు నాలుగో నెల రాగానే కడుపులోని బిడ్డ కోసం ఇద్దరం ఒకేరోజు మానేశాం. తలనొప్పి, చేతుల వణుకు అన్నీ ఓర్చుకున్నాను.

రెండు నెలల తర్వాత ఒక సాయంత్రం, బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో ఆయన స్నేహితుల మధ్య సిగరెట్ కాలుస్తూ కనిపించారు. నా ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

“అన్నా, నాకొక బీడీ ఇయ్యి” అని హోటలాయనను అడిగాను. అతను తటపటాయిస్తూనే ఇచ్చాడు. అందరూ నా కడుపు వంక చూశారు.

“గిదేం పని? ఇంటికి పోదాం పా” అన్నారు మా ఆయన.

“నువ్వు తాగొచ్చు గని, నేను తాగొద్దా? అగ్గిపెట్టె నువ్వే ఇయ్యి” అన్నాను.

ఆయన సిగరెట్ నలిపేసి తలవంచుకున్నారు. అందరి ముందూ బిడ్డ మీద ఒట్టు వేయించుకున్నాకే బీడీ విరిచి పారేశాను.

ఆ ఒట్టు ఆయన తప్పలేదు. మొగుడి పరువు తీశానని మా అత్త ఏళ్ల తరబడి సాధించింది. నాకు మాత్రం ఆనాటి ఆయన ముఖం తలచుకుంటే ఇప్పటికీ కడుపు చల్లబడుతుంది.