ఊ కొట్టే కౌన్సిలర్

ఆ వార్డు కౌన్సిలర్ గారికి ఉన్నది ఒకటే జబ్బు: వీడియోలో ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగుతారు. లైవ్ అయితే సరే అనుకోవచ్చు, అది ముందే తీసిపెట్టుకునే వీడియో. "కుళాయిలో నీళ్లొస్తున్నాయా?" అని కెమెరాను అడుగుతారు. ఇక అంతే. తల కాస్త పక్కకి వంచి, నోరు మూసుకుని కూర్చుంటారు. చాలాసేపటికి "ఊఁ" అంటారు. ఇంకాసేపటికి "ఊఁ ఊఁ, అలాగా!" అని ఆశ్చర్యపోతారు. ఎదురుగా ఉన్నది మాత్రం ట్రైపాడ్.

ఆ ట్రైపాడ్ వెనకాల ఉండేది ఆయన మేనకోడలు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం ఆమె వృత్తి. ఎన్నికలు ముంచుకొస్తున్నాయి, ఎలాగైనా మామయ్యను గెలిపించాలని స్టూడియోకి సెలవు పెట్టి మరీ వచ్చింది. వచ్చిన రోజే తల పట్టుకుంది.

"ఎవరితో మాట్లాడుతున్నారు మామయ్యా?"

"జనంతో."

"ఇక్కడ జనం లేరుగా?"

"చూస్తారుగా. నువ్వు తొందరపడకు."

పోటీకి నిలబడ్డ ఫర్నిచర్ షాపు యజమాని వీడియోలు చూస్తే ఆమెకి కడుపు మండిపోయేది. డప్పుల మోత మధ్య ఆయన స్లో మోషన్‌లో నడిచొస్తారు, నల్లకళ్లద్దాలు తీస్తారు, అయిపోతుంది. ఎవర్నీ ఏమీ అడగరు. జనం ఎగబడి చూస్తున్నారు. మామయ్య వీడియో తెరిచినవాళ్లేమో నెట్ ఆగిపోయిందనుకుని ఫోన్‌ని దులుపుతున్నారు. రిపేరు షాపు దాకా వెళ్లొచ్చినవాళ్లూ ఉన్నారట.

ఓ రోజు ఆయన అటు భోజనానికి లేవగానే మేనకోడలు కోత మొదలుపెట్టింది. మౌనాలన్నీ, ఊలన్నీ కోసి పారేసింది. "నీళ్లొస్తున్నాయా వీధిలైట్లు వెలుగుతున్నాయా చెత్తబండి వస్తోందా" అంటూ మామయ్య ఊపిరి పీల్చకుండా దంచేశారు. సాయంత్రానికల్లా ఆ వీడియో ఫర్నిచర్ ఆయన్ని దాటేసింది. ఆమె కాళ్లు నేల మీద నిలవలేదు.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది. మూడో అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ నర్సమ్మ.

"ఏమ్మాయ్, మీ మామయ్యకి మళ్లీ గెలవకముందే పొగరెక్కిందా?"

"ఏమైందండీ?"

"నీళ్లొస్తున్నాయా అని అడిగాడు. చెబుదామని లేచాను. చేతికర్ర అందుకునేలోపే వీధిలైట్ల మీదకెళ్లిపోయాడు! వినే ఓపిక లేనప్పుడు అడగడమెందుకు?"

ఆవిడ పెట్టేయగానే వాచీలు బాగుచేసే ముసలాయన. తను జవాబు చెబుతుంటే కౌన్సిలర్ మాటకి అడ్డొచ్చారట. మధ్యాహ్నానికి మేనకోడలి చెవి వేడెక్కిపోయింది. అందరిదీ ఒకటే మాట, ఈసారి ఓటు సంగతి ఆలోచించుకోవాలని.

ఆమె బిక్కమొహం వేసుకుని మామయ్య దగ్గరికెళ్లి చేసిన పని చెప్పేసింది. ఆయన తిట్టలేదు. వాచిన మోకాలికి మందు రాసుకుంటూ అన్నారు:

"ఇది బాగున్నన్నాళ్లూ మెట్లెక్కి వెళ్లి అడిగేవాణ్ణి. నర్సమ్మ నోటికొచ్చింది చెప్పే మనిషి కాదు. వంటింట్లోకెళ్లి కుళాయి తిప్పి, చూసొచ్చి మరీ చెబుతుంది. అంతసేపూ గుమ్మంలో నిలబడేవాణ్ణి. ఇప్పుడు ఫోన్లో అడుగుతున్నాను కదాని మధ్యలో వెళ్లిపోతే ఎలా? ఆవిడ తిరిగొచ్చేసరికి అక్కడ మనిషి ఉండొద్దూ?"

"ఆవిడ చెప్పింది మీకు వినబడదుగా మామయ్యా!"

"ముందు వీడియోకి చెప్పేసిందనుకో, సాయంత్రం ఫోన్ చేసి నాకు చెప్పడానికి మొహమాటం ఉండదు."

మేనకోడలికి సిగ్గేసింది, నవ్వొచ్చింది, ఈ మామయ్య మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. కోసిన ముక్కలన్నీ ఏరి మళ్లీ అతికించింది. నర్సమ్మకిచ్చిన మౌనం చాలదేమోనని అనుమానమొచ్చి ఇంకొంచెం సాగదీసింది కూడా. చూసేవాళ్లు సగానికి సగం పడిపోయారు. ఓడిపోతామేమోనని భయమున్నా మళ్లీ కోత జోలికి పోలేదు.

ఓట్ల రోజున నర్సమ్మా, వాచీల ముసలాయనా, గడప దాటని ఇంకెందరో ఎలా దిగారో దిగి వచ్చారు. మామయ్య బొటాబొటిగా గెలిచారు.

వీధిలో కేకలు, ఈలలు. ఊరేగింపు బండి సిద్ధంగా ఉంది. మామయ్య మాత్రం గదిలో ఫోన్ చెవికి ఆనించుకుని కూర్చున్నారు.

"ఊఁ... ఊఁ... అయ్యో, అలాగా!"

"మామయ్యా, బయట అందరూ కాచుక్కూర్చున్నారు! ఎవరు ఫోన్లో?"

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డుపెట్టి గొంతు తగ్గించారు.

"ఫర్నిచర్ ఆయన. అభినందనలు చెబుదామని చేశారు, పాపం మధ్యలో ఏడుపు తన్నుకొచ్చింది. ఓడిపోయాక ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదట. చెప్పుకోవలసింది చాలా ఉంది. మీరు ఊరేగింపు కానిచ్చెయ్యండమ్మా."

గెలిచినాయన లేకుండానే బండి కదిలింది. చేసేదిలేక మేనకోడలే ఎక్కి, దారి పొడుగునా అందరికీ చేతులూపింది.