బ్లేడుతో గీకేసిన పది రోజులు

నిన్న మధ్యాహ్నం భోజనమయ్యాక కాస్త నడుం వాల్చానో లేదో, నాతో ఇంజినీరింగు చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, ఆఖరి సంవత్సరంలో మనకు ప్రాజెక్టు మేనేజ్‌మెంటు చెప్పిన మాస్టారికి విజయనగరంలో సన్మానం చేస్తున్నాం, సంచికలో వేయడానికి రెండు పేజీలు రాసి పంపు, నువ్వు ఆయనకు ఇష్టమైన శిష్యురాలివి కదా అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. మాత్ర వేసుకున్నావా అని అడిగిన పాపానికి మా ఆయన్ని కూడా కసిరాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ తీరిక లేక తలుచుకోని సంగతులన్నీ రిటైరయ్యాక ఇలా వరసకట్టి వస్తాయి కాబోలు. సాయంత్రం కూర్చుని రాశాను, రెండు పేజీలూ దాటిపోయింది, ఇది సంచికలో వేసుకునేది కాదని మొదటి పేరాలోనే తెలిసిపోయింది. అయినా ఆపబుద్ధి కాలేదు.

మాస్టారు పాఠం చెప్పడం రానివాడైతే నాకింత కోపం ఉండేది కాదు. ఆయన అద్భుతంగా చెప్పేవారు, ఆ మాట కాదంటే కళ్లు పోతాయి. మొదటి రోజు క్లాసులో పుస్తకం తెరవకుండా, రెండొందల మందికి పెళ్లి భోజనం వండాలంటే ముందు ఏం చేస్తారని అడిగారు. మగపిల్లలు గాడిపొయ్యి అన్నారు, మేమున్న నలుగురు ఆడపిల్లలం పప్పు నానబెట్టాలన్నాం. ఏ పని ముందు, ఏ పని వెనక, ఏ రెండూ పక్కపక్కన నడవొచ్చు, ఏది ఒక పూట ఆగినా ఫరవాలేదు, ఏది ఒక్క గంట ఆలస్యమైతే పంక్తి మొత్తం ఆకుల ముందు కూర్చుని ఎదురుచూడాల్సి వస్తుంది అని బోర్డు మీద సున్నాలూ బాణాలూ గీసుకుంటూ పోయారు. ఆ బొమ్మను నెట్‌వర్కు అంటారనీ, అందులో ఆగడానికి వీల్లేని దారిని క్రిటికల్ పాత్ అంటారనీ, ఆగినా నష్టం లేని వెసులుబాటును ఫ్లోట్ అంటారనీ ఆ రోజే తెలిసింది. ఏ పనికైనా లోపల ఒక వరస ఉంటుందని, దాన్ని కాగితం మీదకు తీసుకురావచ్చని తెలిసిన ఆ పూట నాకు కలిగిన సంబరం ఇప్పటికీ చెప్పలేను. హాస్టలు గదిలో బట్టలుతుక్కోవడానికి కూడా చార్టు గీసి నవ్వులపాలయ్యాను.

మాది కళింగపట్నం పక్కన ఒక చిన్న పల్లె. నాన్న వేటకు వెళ్లేవాడు, అమ్మ చేపలు ఎండబెట్టేది. సెలవులకు ఇంటికెళ్లి ఈ బాణాల సంగతి చెబితే అమ్మ పడీ పడీ నవ్వింది, ఎందుకంటే నెత్తళ్లు ఎప్పుడు పరవాలో, ఏ వేళకు తిరగెయ్యాలో, మబ్బు కమ్మితే ముందు ఏవి ఎత్తాలో ఆమెకు చార్టు లేకుండానే తెలుసు. సముద్రం ఒడ్డున కాస్త ఎత్తుగా, గాలి బాగా ఆడే ఇసుక మెట్ట ఒకటుండేది. అమ్మా, మరో ఏడుగురు ఆడవాళ్లూ ఏళ్ల తరబడి అక్కడే ఎండబెట్టుకునేవారు. ఇసుక అంటుకుందని నరసన్నపేట వ్యాపారులు వంక పెట్టేవారే గానీ, అంతకన్నా మంచి చోటు ఆ తీరంలో వాళ్లకు లేదు.

ఈ ఇసుక గొడవ నేనే క్లాసులో చెప్పాను. మాస్టారికి నచ్చింది. చదువు కాగితాల్లోనే ఆగిపోకూడదు, ఆ మెట్ట మీద సిమెంటు గచ్చు ఒకటి మన విద్యార్థుల చేతనే ప్లాను వేయించి కట్టిద్దామన్నారు. డిపార్టుమెంటు ఒప్పుకుంది, పై అధికారులు ఒప్పుకున్నారు, నన్ను జట్టు నాయకురాలిని చేశారు. ఒప్పుకోవాల్సింది ఆ ఏడుగురు ఆడవాళ్లు. వాళ్లను ఒప్పించే పని అమ్మ నెత్తినేసుకుంది. మా పిల్లే బొమ్మ గీస్తోంది, ఎండలు ముదిరేలోగా గచ్చు లేస్తుంది, అందాకా తలో పక్కా సర్దుకుందామని ఇంటింటికీ తిరిగి చెప్పింది. ఆమె మాట మీద వాళ్లు మెట్ట ఖాళీ చేశారు.

మీలో ఆ రోజుల్లో డ్రాయింగు నేర్చుకున్నవాళ్లకు ట్రేసింగు పేపరు గుర్తుండే ఉంటుంది. నల్ల ఇంకుతో గీయడం, తప్పు పోతే సగం బ్లేడుతో మెల్లగా గీకి, వేలి గోరుతో నున్నగా రుద్ది మళ్లీ గీయడం. ఇప్పటి పిల్లలకు చెబితే రాతియుగం అనుకుంటారు. అలాంటి కాగితం మీద వారం రోజులు కూర్చుని నేను గచ్చు చార్టు గీశాను. నేల చదును, ముగ్గు పోయడం, పునాది తవ్వకం, రాయి పేర్పు, కంకర, కాంక్రీటు, నీళ్లు పట్టడం. తవ్వకానికి ముందు పది రోజులు ఖాళీ వదిలి, అమ్మవారి పండుగ అని రాశాను. మా ఊళ్లో ఆ పండుగ ఫలానా తేదీ అని ఉండదు. మాఘమాసంలో పెద్దలు కూర్చుని ఖాయం చేసి చాటింపు వేయిస్తారు. చాటింపు పడిందంటే ఘటాలు తీసి పండుగ ముగిసేదాకా ఊరి నేలలో గునపం దిగకూడదు. అది ఎప్పుడు పడ్డా సరిపోయేలా ఆ పది రోజులు.

మాస్టారు చార్టంతా చూసి మెచ్చుకుని, ఆ పది రోజులను ఎర్ర పెన్నుతో కొట్టేశారు. ఆ పది రోజులుంటే గచ్చు టర్ము దాటిపోతుంది, కాలేజీ ఇన్‌స్పెక్షనుకు వచ్చేవాళ్లకు చూపించడానికి పూర్తయిన పని ఉండదు. ఆ మాట ఆయన చెప్పలేదు, తర్వాత నాకు తెలిసింది. "నెట్‌వర్కులో అమ్మవారికి గడి లేదమ్మా" అన్నారు, క్లాసు మొత్తం నవ్వింది.

నేను కూడా నవ్వాను. అది చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. చాటింపు పడితే పని జరగదు మాస్టారూ, నమ్మకాలు మీకున్నా లేకపోయినా మనుషులు రారు అని ఒక్క ముక్క అనాల్సింది. అనలేదు. పల్లె నుంచి వచ్చిందని, చేపల కంపని వెనక అనుకునే క్లాసులో ఆ ఒక్క సబ్జెక్టులోనే నాకు పేరుంది, దాన్ని పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. హాస్టలుకెళ్లి బ్లేడు తీసి ఆ పది రోజులు గీకేశాను. ఆనవాలు కూడా లేకుండా గీకానని మెచ్చుకున్నారు. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

కంకర, రాయి, సిమెంటు బస్తాలు మెట్ట మీద దిగాయి. పై ఊరి మేస్త్రీలు వచ్చి ముగ్గు పోశారు. వాళ్లు తవ్వకం మొదలుపెట్టడానికి ముందు రోజే చాటింపు పడింది. చార్టు ప్రకారం తవ్వాలి గనుక తవ్వారు. రెండు గుంతలు తీసేసరికి ఊరి పెద్దలు వచ్చి గునపాలు లాక్కున్నారు. మేస్త్రీలు రెండు రోజులు చూసి, నరసన్నపేటలో వేరే పని ఒప్పుకున్నామంటూ వెళ్లిపోయారు. పండుగ అయ్యేసరికి వాళ్లు అక్కడ ఇరుక్కుపోయారు, మాకు పరీక్షలొచ్చాయి, డిపార్టుమెంటు ఇచ్చిన గడువు అయిపోయింది. సముద్రపు చెమ్మకు సిమెంటు బస్తాలు బస్తాల్లోనే గడ్డకట్టాయి. ఎనిమిది కుటుంబాలు బతికిన మెట్ట గుంతలూ రాళ్లూ అయి మిగిలింది. ఆ వేసవంతా వాళ్లు తారురోడ్డు వార చేపలు పరుచుకున్నారు. బస్సుల దుమ్ము పడిన గంపలను వ్యాపారులు చేత్తో పక్కకు నెట్టేసేవారు. ఇసుకనైనా దులుపుకోవచ్చు, ఆ దుమ్ము పోదు.

పరీక్షలయ్యాక ఇంటికెళితే ఆ ఏడుగురిలో ఒక్కరూ మా గడప తొక్కడం లేదు. అమ్మ తిట్టలేదు. పొయ్యి దగ్గర కూర్చుని, నా మొహం చూడకుండా అడిగింది. "పండగ వస్తాదని నీకు తెల్దేటే? ఆల్లకి సెప్పలేదేటి?"

మరిచిపోయానమ్మా అన్నాను.

చెబితే నవ్వుతారని చెప్పలేదని, రాసిందాన్నే గీకేశానని అనలేకపోయాను. అమ్మ నమ్మింది. మర్నాడు నీళ్ల దగ్గర ఆ ఆడవాళ్లతో, "పిల్ల సదువు బెంగలో మరిసిపోనాది, దాన్ని ఏటీ అనకండి, అనాలంటే నన్ననండి" అని బతిమాలుతుంటే బిందె పట్టుకుని వెనకే నిలబడి విన్నాను.

మాస్టారు మాత్రం రిపోర్టు చక్కగా రాశారు. స్థానికుల సహకారం కొరవడినందున పని పూర్తి కాలేదని. స్థానికులు తమకున్న ఒక్క మెట్టనూ ఖాళీ చేసి ఇచ్చారని అందులో లేదు. కింద జట్టు నాయకురాలిగా నా సంతకం ఉంది. ఆయనకు ఆ తర్వాత ప్రమోషను వచ్చింది. మా పల్లె పేరు కూడా ఇప్పుడాయనకు గుర్తుండదని పందెం కాస్తాను. ఆయన మీద కోపం ఇన్నేళ్లయినా చల్లారలేదు, చల్లారనివ్వను కూడా, ఎందుకంటే అది చల్లారితే మిగిలేది నా మీద కోపమే.

ఉద్యోగంలో ఏ ఊళ్లో కాలవ కట్టినా, కల్వర్టు వేసినా, మొదట ఆ ఊరి ఆడవాళ్లను అడిగి పండుగలూ ఊడుపులూ రాసుకున్నాకే మిగతా గీతలు గీశాను. పై అధికారులు విసుక్కుంటే ఎగిరి పోట్లాడేదాన్ని, నాకు నోటిదురుసు అని పేరు కూడా వచ్చింది. ఇప్పుడు బ్లేడూ లేదు, ట్రేసింగు పేపరూ లేదు. పిల్లలు కంప్యూటర్లో ఒక మీట నొక్కితే సెలవులన్నీ వాటంతటవే చార్టులోకి వచ్చేస్తాయి, తీసేయాలన్నా ఒక మీట నొక్కితే చాలు. తీసేయమన్నవాడికి ఎదురు చెప్పడం మాత్రం అప్పుడెంత కష్టమో ఇప్పుడూ అంతే కష్టం, దాన్ని ఏ యూనివర్సిటీలోనూ పాఠంగా చెప్పినట్టు నేను వినలేదు. గచ్చుల మీద ఎండబెట్టే రోజులు మా తీరానికీ వచ్చాయి, ఆ ఎనిమిది మందిలో వాటిని చూసినవాళ్లు ఒకరో ఇద్దరో.

అమ్మ పోయి అయిదేళ్లు. ఆఖరి రోజుల్లో శ్రీకాకుళం ఆస్పత్రిలో ఉన్నప్పుడు నేను కళ్లజోడు ఎక్కడో పెట్టి వెతుక్కుంటుంటే, మంచం మీద నుంచి నర్సుతో నవ్వుతూ చెప్పింది. "మా పిల్లకి సదువుకున్నప్పట్నుంచీ మతిమరుపేనమ్మా." నర్సు నావైపు చూసి నవ్వింది. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం ఇక రాదని నాకు తెలుసు. అవునమ్మా అన్నాను.