సుజానా చెప్పిన మంచి మాట

సుజానా ఇప్పుడు ఏ ఇంటికెళ్లినా ముందు నోరు మూసుకుని కూర్చుంటోంది. ఆమెను ఎరిగినవాళ్లెవరికీ ఇది మింగుడుపడదు. ఆ రోజు నేను పక్కన లేకపోయి ఉంటే నాకూ పడేది కాదు.

మా ఇద్దరిదీ ఒకే బ్యాచ్. ఇళ్లకు వెళ్లి, మూడేళ్లలోపు పిల్లలతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించే పని మాది. డుంబ్రిగుడలో ట్రైనింగు. సుజానా తండ్రి చర్చిలో ఉపదేశి. ఆమె చిన్నప్పటి నుంచే సండే స్కూల్లో పిల్లలకు వాక్యాలు నేర్పిన మనిషి. గొంతు విప్పితే మైకు అక్కర్లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదని మాటకు ముందొకసారి, వెనకొకసారి అనేది. బొమ్మకు స్నానం చేయిస్తూ మాట్లాడమంటే మేమంతా సిగ్గుతో నవ్వుతూ కూర్చున్నాం. ఆమె మాత్రం ఆ ప్లాస్టిక్ బొమ్మను ఒళ్లో పెట్టుకుని ఇది చెయ్యి, ఇది కాలు, ఇవిగో నీళ్లు అని ఊదరగొట్టేసింది. సుజానాను చూసి నేర్చుకోండని మా ట్రైనర్ రవిబాబు గారు అందరి ముందూ అన్నారు. నాకు ఒళ్లు మండింది, అది వేరే సంగతి.

ఆమెకు పడింది కొండ మీది ఊరు. అక్కడ ఇళ్లల్లో తమ గిరిజన భాష కువి మాట్లాడుకుంటారు. తెలుగు సంతలో బేరానికి, ఆఫీసులో దండానికి. సుజానాకు కువి ముక్క రాదు. ఊరంతటిలో సోని ఇల్లంటే ఆమెకు ప్రాణం. సోనికి అది తొలి కాన్పు. పిల్లాడు సోమవారం పుట్టాడని సోంబరు అని పేరు పెట్టారు. మొగుడు గంగరాజు కూలికి కిందికి దిగితే నెలల తరబడి రాడు. ఇంట్లో అత్త సోములమ్మ ఉండేది. ఆ ముసలమ్మ మనవణ్ణి ఒళ్లో వేసుకుని పొద్దల్లా వాడికి ఏదో ఒకటి చెబుతూనే ఉండేదట. వాగుడులో సుజానాకు సరిజోడన్నమాట.

బిడ్డతో ఎంత మాట్లాడితే మెదడు అంత ఎదుగుతుందని సుజానా మొదటిసారే చెప్పింది. అది నిజమే. అంతటితో ఆగితే సుజానా ఎందుకవుతుంది? ముసలమ్మ కువిలో కబుర్లు చెబుతుంటే అడ్డం వెళ్లింది. రేపు బడికెళ్లాల్సిన గుంటడు ఈ మాటలు వింటూ పెరిగితే వెనకబడి చెడిపోతాడంది. మంచి మాటలు నేర్పండి, తెలుగులో చెప్పండి అంది. పాపం, మేలు కోరే అంది. ఆమెను తండ్రి అలాగే పెంచాడు. సోని తల ఊపింది. ఇంటికొచ్చిన ఉద్యోగస్తురాలిని మొహం మీద కాదనడం ఆ ఊళ్లో మర్యాద కాదు.

ఆ తర్వాత సుజానా వెళ్లినప్పుడల్లా సోని పిల్లాడి ముందు కూర్చుని గిన్నె, గరిటె, బంతి, కోడి అని నేర్పిన మాటలన్నీ అప్పజెప్పేది. సోంబరు చెక్కముక్కలు ఒకదాని మీద ఒకటి చక్కగా పేర్చేవాడు. ముసలమ్మ కనబడకపోతే, కొండవతల కూతురింటికి వెళ్లిందని సోని చెప్పింది. సుజానా మా దగ్గరకొచ్చి ఒకటే మురిసిపోయేది.

రెండేళ్లు దాటినా పిల్లాడు మాత్రం నోరు విప్పలేదు. అమ్మా అని కూడా అనడు. సుజానాకు తిండి సయించలేదు. చర్చిలో వాడి పేరున ప్రార్థన పెట్టించింది. చెవుడేమోనని తల్లినీ బిడ్డనీ బస్సెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది. చెవులు భేషుగ్గా ఉన్నాయన్నారు. మరి లోపం ఎక్కడ? మీరిద్దరూ చెప్పాపెట్టకుండా వెళ్లండి, బొమ్మల సంచీ విప్పకండి, ఊరికే చూసి రండి అన్నారు రవిబాబు గారు.

కాఫీ తోటలోంచి నడిచి మేం పెరట్లోకి చేరేసరికి, సోని వెనక వసారాలో పిల్లాడికి రాగి జావ పడుతోంది. మమ్మల్ని చూడలేదు. పిల్లాడు కోడిని వేలితో చూపించాడు. తల్లి నవ్వింది, తల ఊపింది, నోరు మాత్రం విప్పలేదు. వాడు గిన్నె తోసేస్తే వేలు చూపించి బెదిరించింది. ఏడిస్తే ఎండిన సొరబుర్ర గలగలలాడించింది. ఒక్క మాట లేదు. ఇంతలో వీధిలోంచి పక్కింటావిడ పిలిచింది. సోని లేచి, పిల్లాణ్ణి అక్కడే వదిలి, వీధిలోకి పోయి బయటినుంచి తలుపు మూసింది. అప్పుడు వినబడింది ఆమె గొంతు. కువిలో గుక్క తిప్పుకోకుండా, పగలబడి నవ్వుతూ మాట్లాడుతోంది. తిరిగి లోపలికి వస్తూనే మళ్లీ పెదవులు బిగించేసింది.

సుజానా వెళ్లి ఆమె ఎదుట నిలబడింది.

"ఏటి సోనీ, గుంటడితో మాటాడవేటి?"

సోని బెదిరిపోయింది. గబగబా పిల్లాడి వైపు తిరిగి గిన్నె, గరిటె అని మొదలెట్టింది. సుజానా చెయ్యి పట్టుకుని మళ్లీ అడిగితే అప్పుడు చెప్పింది.

"మా మాట ఆడితే సెడిపోతాడని నువ్వే సెప్పినావు కదక్కా. నీ మాట నాకు బాగా రాదు. అందుకే ఊరుకున్నాను."

మరి అత్త ఏదని నేనడిగాను.

"ఆమె నోరు ఊరుకోదు. నేనే పంపేసినాను."

ముసలమ్మ ఏడుస్తూ వెళ్లిందట. పిల్లాడు ఆమె కోసం చాన్నాళ్లు గుమ్మం దగ్గరే కూర్చున్నాడట. సోని ఇదంతా, డాక్టరు రాసిన మందు తప్పకుండా వేసిన మనిషిలా చెప్పింది. అదే నన్ను చంపేసింది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మనం నవ్వుకుంటాం గానీ, ఇది నవ్వే సంగతి కాదు. మాట నేర్పడానికి వెళ్లిన ఇంట్లో మాటే లేకుండా చేసి వచ్చాం.

సుజానా చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. తీరా చూస్తే ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. అక్కడే మట్టిలో చతికిలబడి సోని పాదాలు పట్టుకోబోయింది. సోని భయపడి వెనక్కి జరిగింది.

"నాను తప్పు సెప్పినాను సోనీ. మీ మాటే మంచిది. ఈడితో మీ మాటే ఆడు. మీ అత్తని నానే తీసుకొస్తాను."

సోని నమ్మలేదు. నా వైపు చూసింది. నేనూ అదే చెప్పాను. బడిలో వెనకబడిపోడు కదా అని అడిగింది. వెనకబడడని ఇద్దరం చెప్పాం. ఇప్పుడే ఆడొచ్చా అని మళ్లీ అడిగింది. కన్నబిడ్డతో మాట్లాడటానికి మా పర్మిషన్ కోసం ఎదురుచూస్తోంది ఆ పిల్ల. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

చివరికి సోంబరు ముందు కూర్చుని, వాడి రెండు చేతులూ పట్టుకుని, కువిలో ఏదో అంది. ఏమందో నాకు తెలియదు.

పిల్లాడు తల్లి మొహంలోకి చూడలేదు. అమ్మ ఎవరితో మాట్లాడుతోందా అని వెనక్కి తిరిగి చూశాడు.