ఎండు చేపల పక్కన యోనా

బెంగాల్లోని టికియాపారా రైల్వే క్వార్టర్స్ డాబా మీద, ఎండు చేపల పక్కనే, యోనా ప్రవక్త మీద రాసిన వ్యాఖ్యానం ఒకటి ఏటా ఎండేది. లూథరన్ సంఘానికి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, దాదాపు ఐదొందల ఏళ్ళ కిందట, లాటిన్‌లో అచ్చయిన పుస్తకం. ప్రపంచంలో ఇలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చనీ, అందులో బొటనవేలు మా పెద్దమ్మ ఇంట్లో ఉందనీ ఆఫీసులో చెప్పుకునేవాణ్ణి. బరువు రైలింజన్‌లో సగం. చేప కడుపులో యోనా ఉన్నది మూడు రోజులే. మా డాబా మీద చేపలతో ఆయన కాపురం ఏళ్ళ తరబడి సాగింది.

పార్వతీపురం నుంచి వెళ్ళిపోతూ ఒక జర్మన్ మిషనరీ దొర మా తాతకిచ్చిన పుస్తకమది. గార్డు ఉద్యోగానికి ఇక్కడికొచ్చిన పెదనాన్న వెంట తెచ్చుకున్నాడు. పోయేముందు పెద్దమ్మతో, “సెమ్మ తగలనీకు” అన్నాడట. ఈ ఊళ్ళో వానాకాలం గోడలకే జలుబు చేస్తుంది. అందుకని వానలు వెళ్ళగానే పుస్తకాన్ని ఎండలో పెట్టి, కాకుల్ని తోలుతూ పక్కనే కూర్చునేది.

పోయిన శీతాకాలం, లైబ్రరీలో పాత పుస్తకాలు బాగుచేసే బెంగాలీ మిత్రుణ్ణి తీసుకెళ్ళాను. అట్ట తెరవగానే ఒక పేజీ అంచు అప్పడంలా విరిగి ఆయన ఒళ్ళో పడింది.

“చెమ్మ కాదు దాదా, ఎండ తినేసింది. ఇలాగే పెడితే పొడే మిగులుతుంది” అన్నాడు బెంగాలీలో.

అనువాదంలో కాస్త పంచదార కలుపుదామని నోరు తెరిచాను. ఇక్కడి చేపల బజార్లో నలభై ఏళ్ళు బేరమాడిన మనిషికి అనువాదమెందుకు?

“అయితే నానే పాడుసేసినాను” అంది పెద్దమ్మ.

“ఎండబెట్టకపోతే ఎప్పుడో బూజు పట్టేది పెద్దమ్మా.”

“ఊరుకోరా. నువ్వు దోమని ఏనుగు సేస్తావు. ఆ బాబునడుగు.”

అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, రెండూ నిజమేనన్నాడు.

నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయి, ఎండదెబ్బకు యోనా చావు కోరుకున్న కథ మాకందరికీ ఆదివారం బడిలోనే వచ్చు. ఆ కథ మీద రాసిన పుస్తకాన్ని నీడ లేకుండా కూర్చోబెట్టామని మాత్రం ఎవరికీ తట్టలేదు. ప్రేమగా చూసుకోవడం వేరు, ఎలా చూసుకోవాలో తెలియడం వేరు.

తమ లైబ్రరీకిస్తే బాగుచేసి అక్కడే దాస్తామన్నాడు మిత్రుడు.

“ఆళ్ళ కాడ నీడుంటాదా?” అని పెద్దమ్మ నన్నడిగింది.

“ఉంటుంది.”

“మరి సెమ్మ?”

గదిని పొడిగా ఉంచే మిషన్ ఉందని ఆయన చెప్పాడు. పెద్దమ్మ పుస్తకం అట్టను కొంగుతో తుడిచింది. తర్వాత మెత్తని పాత చీరలో చుట్టి, నన్ను దాటి ఆయన చేతుల్లో పెట్టింది.

“నీకిస్తే దారిపొడుగునా సూపెడతావు” అంది నాతో.

మేం దిగుతుంటే, ఏ మెట్టు కదులుతుందో పైనుంచి ఆయనకు బెంగాలీలో చెబుతూనే ఉంది.