ఆరు గంటల ఫోన్

సైన్యంలో ఇంటెలిజెన్స్ ఆఫీసర్‌గా చేశానంటే నర్సీపట్నంలో చాలామంది నన్ను గూఢచారి అనుకుంటారు. మారువేషాల గురించి అడుగుతారు. నేను వేసిన వేషమల్లా కళ్ళజోడే. డివిజన్ హెడ్‌క్వార్టర్స్‌లో ఆ విభాగానికి పెద్దని. సరిహద్దు పోస్టుల నుంచి వచ్చే రిపోర్టులన్నీ చదివి, అవతలివాడు రేపు ఏం చేయొచ్చో జనరల్ గారికి నాలుగు ముక్కల్లో చెప్పడం నా ఉద్యోగం.

ఒక్క నియమం ఎవరు తప్పినా ఊరుకునేవాణ్ణి కాదు. సాయంత్రం ఆరింటికల్లా ప్రతి పోస్టు నుంచీ కబురు రావాలి. ఏమీ జరగకపోతే 'ఏమీ లేదు' అనైనా పంపాలి. రాలేదంటే, చెప్పడానికి అక్కడ మనిషి ఉన్నాడో లేడో చూడాలి. మంచుకి లైను తెగి ఉంటుందన్నా వినకుండా మనుషుల్ని పంపేవాణ్ణి. జవాన్లు నన్ను బాగానే తిట్టుకునేవారు.

రిటైరై ఇక్కడికి వచ్చాక, మా అక్క గొలుగొండ నుంచి రోజూ ఆరింటికి ఫోన్ చేసేది. బావ పోయాక ఒంటరిగా ఉంటూ జీడితోట తనే చూసుకునేది.

"ఏటీ నేదురా, బాగానే ఉన్నాను. నువ్వు తిన్నావా?"

ఆరింటికి ఎవరు తింటారు? నాకు విసుగొచ్చేది. ఒకరోజు వార్తలు చూస్తుంటే మోగింది. "ఏమీ లేనప్పుడు ఎందుకు చేస్తావక్కా? ఏదైనా ఉంటేనే చెయ్యి" అన్నాను.

"సరేరా. నీకు పనులుంటాయి గదా" అంది. నాకు పనులేమీ లేవు.

మర్నాటి నుంచి ఫోన్ రాలేదు. హాయిగానే ఉంది, దాచడమెందుకు. పదిరోజుల తర్వాత ఒక ఉదయం పాలు పోసే ఆవిడ ఫోన్ చేసింది.

"బేగి రండి బాబూ. అక్కగారు పెరట్లో పడిపోనారు."

పక్షవాతం. ముందురోజు సాయంత్రమే పడిపోయి ఉంటుందన్నాడు డాక్టరు. వెంటనే తెచ్చుంటే మాట దక్కేదేమో అన్నాడు. డివిజన్ మొత్తాన్ని హడలెత్తించిన నియమాన్ని మా అక్క దగ్గర నేనే రద్దు చేశాను. నన్ను నేను క్షమించుకోలేను.

మా ఇంటికి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. గొలుగొండలోనే ఉంది, చూసుకోవడానికి ఒకావిడను పెట్టాను. ఆసుపత్రి నుంచి తన ఇంటికి తీసుకెళ్ళిన వారానికి, సరిగ్గా ఆరింటికి, అక్క నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అప్పటి నుంచి రోజూ వస్తోంది. చూసుకునే ఆవిడ నా నంబరు కలిపి అక్క చెవి దగ్గర పెడుతుందట. అవతల మాట ఉండదు. ఊపిరి వినిపిస్తుంది.

నేను అప్పటికి ఏమీ తిని ఉండను.

"తిన్నానక్కా" అంటాను.