పగటిపూట విప్పిన పటం

మొన్న ఆదివారం కోరుట్లలో మా చెల్లె ఇంట్లో, నా మనుమరాలు నేల మీద బోర్లా పడుకుని ఇంటిల్లిపాదినీ ఒక కాగితం మీద గీస్తూ, ఉన్నట్టుండి పెన్సిల్ ఆపి, "అమ్మమ్మా, నీకు పోలియో వచ్చింది ఏ కాలుకు?" అని చెల్లెను అడిగింది. చెల్లె చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి, "గిదే బిడ్డా, ఎడమది. సన్నగ గియ్యి, మీ తాత లెక్క మోసం చెయ్యకు" అంది.

ఆ మోసం సంగతి ఇన్నేళ్లూ నేను వేరేగా చెప్పుకుంటూ వచ్చాను. నా ఈడువాళ్లు మీరు, మీ దగ్గరైనా నిజం ఒప్పుకోవాలి.

సిరిసిల్లలో మాది మగ్గం ఇల్లు. రెండు మూడేళ్లకొకసారి పటం కథ చెప్పేవాళ్లు మా వాడకు వచ్చి, ఇంటి గోడంత పొడవున్న బొమ్మల గుడ్డను గుంజలకు వేలాడదీసి, ఒక్కో బొమ్మనూ కర్రతో చూపిస్తూ మా కులపురాణం చెప్పేవారు. కథ ఎప్పుడూ రాత్రే, దీపం వెలుగులో బొమ్మలు కనబడీ కనబడనట్టు ఉండేవి. కానీ అవి అన్నల దినాలు, నక్సలైట్ల కోసమని ఊరి పక్కన పోలీసు క్యాంపు పడింది, చీకటి పడ్డాక నలుగురు ఒకచోట కూడరాదన్నారు. ఎస్సై ముందు రొమ్ము విరుచుకుని నిలబడి కథకు అనుమతి తెచ్చింది నేనేనని మా పిల్లలందరికీ చెప్పాను. నిజానికి లోపలికి వెళ్లింది మా బాపు, కులపెద్దలు. నేను గేటు బయట సైకిలు పట్టుకుని నిలబడ్డాను, సెంట్రీ దగ్గినప్పుడల్లా ఉలిక్కిపడుతూ. అనుమతైతే వచ్చింది, మూడు రోజులకు, అదీ పగటిపూటకే.

అలా ఆ ఏడు మొదటిసారి పటాన్ని ఎండ వెలుగులో చూశాం. అప్పటికి చెల్లెకు పన్నెండేళ్లు, చంకలో కర్రతో నడిచేది. జనంలో కూర్చున్నప్పుడు మమ్మల్ని కన్న అవ్వ ఆమె కాళ్ల మీద తువ్వాల కప్పేది. ఆ రోజు చెల్లె కళ్లు పటంలో ఒక్కో గడినీ వెతుకుతున్నాయి. దేవుళ్లు, మునులు, మగ్గం నేసేవాళ్లు, ఏనుగులు, పులులు అయ్యాక, ఒక మూలన రాక్షసుల వెనక వంటకుండ మోస్తున్న కుంటివాడు దొరికాడు. వాడి వంతు రాగానే కథ చెప్పే పెద్దాయన కాలీడ్చుకుంటూ నాలుగడుగులు వేసి చూపించాడు. వాడకట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. పక్కకు చూస్తే చెల్లె కర్ర అందుకుని లేస్తోంది.

ఇంటికొచ్చాక ఒకటే మాట అంది. "రేపు నేను రాను. గంత పెద్ద పటంల నా అసొంటోడు ఒక్కడే ఉన్నడు. వాణ్ని జూసి అందరు నవ్విండ్రు."

బాపు మగ్గం గుంటలోంచి లేచి మూరెడు గుడ్డ కత్తిరించి, నూలుకు పెట్టే గంజి దట్టంగా పట్టించి, ఎండలో ఆరబెట్టి, "బోర్డులు రాస్తవు గదరా, మనింటి పటం గియ్యి" అన్నాడు. అప్పట్లో నేను జగిత్యాలలో ఒక పెయింటరు దగ్గర దుకాణాల బోర్డులు రాయడం నేర్చుకుంటున్నాను, రంగుడబ్బాలు నా సంచిలోనే ఉండేవి.

నలుగురం ఆ గుడ్డ చుట్టూ కూర్చున్నాం. మగ్గంలో ఏ కర్ర ఎక్కడుండాలో బాపు చెప్పాడు, ముక్కుపుడక మరిచానని అవ్వ తిట్టింది. చివరికి చెల్లెను గీశాను, పట్టులంగా, పూలజడ, చక్కటి రెండు కాళ్లు. మురిసిపోతుందనుకున్నాను.

"అన్నా, గీ పిల్లెవ్వరు?"

"నువ్వేనే."

"నేనైతే నా కర్రేది?"

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుని, "బొమ్మలనన్న మంచిగ ఉండనియ్యి బిడ్డా" అంది.

"ఇప్పుడు నేను మంచిగ లేనా అవ్వా?"

బాపు ఆ ఎడమ కాలును తన ఒళ్లోకి తీసుకుని, చీర అంచు కొలిచినట్టే జానతో కొలిచి, మోకాలి కింద ఇంత సన్నం, పాదం ఇంత లోపలికి అని నాకు చూపించాడు. ఇన్నేళ్లూ ఎత్తుకు తిప్పిన పిల్ల కాలును మేం నలుగురం కలిసి కళ్లారా చూడడం అదే మొదలు. నేను తెల్లరంగు పూసి మళ్లీ గీశాను.

మర్నాడు బాపు ఆ గుడ్డను పెద్దాయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాడు. దాన్ని చూసి ఆయన నా చేతులు కళ్లకద్దుకున్నాడని పెళ్లిళ్లలో చెబుతుంటాను. ఆయనన్నది ఇంతే: "ముక్కులన్ని వంకర గీసినవు, గని కాలు మాత్రం సరిగ కుదిరింది." ఆ రోజు వంటవాడి గడి మళ్లీ వచ్చినప్పుడు కాలీడ్వకుండా కర్రతో చూపించి ముందుకు సాగాడు. కథ ముగిశాక పటం చివర మా గుడ్డను రెండు ముళ్లతో గుచ్చి, వాడకట్టంతటికీ నూలు కండెలు చుట్టిచ్చే పిల్ల ఈమె అని రెండు మాటలు తన గొంతుతో పాడాడు. ఎవరూ నవ్వలేదు. చెల్లె ముందు వరసలో కూర్చుంది, తువ్వాల మడత విప్పకుండా.

ఇప్పుడు సిరిసిల్లలో మరమగ్గాల మోతే తప్ప పటం కథ విని ఏళ్లయింది. ఆ మూరెడు గుడ్డ మాత్రం అంచులు పురుగు కొట్టి చెల్లె కుట్టుమిషను పైన గోడకు ఉంది. మేం ఆ కాలును చూడడానికి క్యాంపు వాళ్లు కథను పగటికి మార్చవలసి వచ్చింది. నా మనుమరాలు తలెత్తి అడిగేసింది, అంతే. ఆ తేలికతనం మాకు ఆనాడే ఉంటే బాగుండేదనిపిస్తుంది.

మనుమరాలి బొమ్మలో చెల్లె కాలూ కర్రా చక్కగా కుదిరాయి. నా పొట్ట మాత్రం ఉన్నదానికి రెండింతలు గీసింది. లేదు, సరిగ్గానే గీసింది.