టెక్సస్ సఫారీలో ఒంటి తుమ్ము

ప్లేనో నుంచి డ్రైవ్ చేసి, భూగోళంలో సగం ఆక్రమించిన ఓ రాంచ్‌లోని సఫారీ క్యాంప్‌కి చేరాం. డేరాలో సామాను పడేసి, గైడ్ బెట్సీ జీపెక్కాం. పొద్దు వాలగానే ఖడ్గమృగాలను కొట్టంలోకి తోలేస్తారట. ఈలోగా నా కొత్త డిజిటల్ కెమెరాతో వాటిని ఫొటో తీయకపోతే నా జన్మ వ్యర్థం.

తాళం తిప్పబోతూ బెట్సీ తుమ్మింది. ఆ దెబ్బకి పక్క కౌంటీలో పిట్టలు లేచిపోయాయి.

"బ్లెస్ యూ" అనాల్సిన మా ఆవిడ జీపు దిగి కూర్చుంది.

"ఒంటి తుమ్మండీ! రెండోది పడితేగానీ కదలను."

"పొద్దు వాలిపోతోందే తల్లీ!"

"వాలనీండి. ఖడ్గమృగం కుమ్మితే మీ కెమెరా కుట్లేస్తుందా?"

బెట్సీకి ఇంగ్లీషులో సంగతి విప్పి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె టోపీ తీసి, గంభీరంగా "ముందే చెప్పరేం?" అని, ఎప్పుడో బర్గర్‌తో వచ్చిన మిరియాల పొట్లం చింపి ముక్కు దగ్గర పెట్టుకుంది. రెండో తుమ్ముకి జీపు దానంతటదే అడుగు ముందుకేసింది.

ఖడ్గమృగాలు దొరికాయి. ఒకటైతే పెళ్లికొడుకులా నిలబడి ఫొటో తీయించుకుంది.

మర్నాడు పొద్దున ఎవరో అమెరికన్ కుటుంబం ఆ జీపే ఎక్కింది. బయల్దేరుతుండగా వాళ్ల తాతగారు ఒక్కసారి తుమ్మారు. బెట్సీ ఇంజన్ ఆపేసి, వెనక్కి తిరిగి, మిరియాల పొట్లం ఆయన చేతిలో పెట్టింది.